గోల్ కీపర్ చూసిన ఆట

పెళ్లయి అశోక్‌నగర్ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో మా మామయ్య నాతో పెద్దగా మాట్లాడేవారు కాదు. "చాయ్ అయిందా బిడ్డా", "పేపర్ వచ్చిందా", "గేటు ఏసిన్రా", ఇంతే. కోపిష్టి మనిషి కాదు, మాటలు తక్కువ. డెబ్భై దాటినా నిటారుగా నడిచేవారు. ఆయనలో నేను మొదట గమనించింది చేతులు. ఒంటికి సరిపోనంత పెద్ద చేతులు. చాయ్ గ్లాసు పట్టుకుంటే గ్లాసు కనబడేది కాదు. కుడి చేతి వేళ్లలో రెండు పక్కకు వంగిపోయి ఉండేవి.

"అత్తమ్మా, మామయ్యకు కీళ్ల నొప్పులా? వేళ్లు అట్లా అయినయేంది?" అని ఒకరోజు వంటింట్లో అడిగాను.

అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నవ్వింది. "కీళ్ల నొప్పులు కాదు, ఏం కాదు. బంతులు పట్టి పట్టి ఇరిగినయి. మీ మామ గోల్ కీపర్. ఆ టీమ్‌ల అందరికన్న తక్కువ ఉరికిండు, అందరికన్న ఎక్కువ బట్టలు మాపిండు. పెండ్లయిన కొత్తల ఆ బురద ఉతకలేక నా చేతులే ఇరిగినయి అనుకో."

అది 2009 చివర. నేను కరీంనగర్ దగ్గర పల్లె నుంచి వచ్చినదాన్ని. మా ఊళ్లో మగపిల్లలు కబడ్డీ ఆడేవాళ్లు, లేకుంటే క్రికెట్. ఫుట్‌బాల్ అంటే నాకు అసలు ఏమీ తెలియదు. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఆ ఆటకు ఊరంతా కదిలేదని, ఇక్కడి ఆటగాళ్లు దేశం తరఫున ఆడి వచ్చేవాళ్లని అత్తమ్మ చెప్పేదాకా వినలేదు. మామయ్య అంత పైదాకా వెళ్లలేదు. ఒక సర్కారు ఆఫీసు టీమ్‌లో ఆడారు. ఆట మూలంగానే ఆ ఉద్యోగం వచ్చింది, దాంట్లోనే రిటైరయ్యారు.

నేను నారాయణగూడలో ఒక చిన్న బడిలో తెలుగు టీచర్‌గా చేరాను. మా ఆయనది మందుల కంపెనీ ఉద్యోగం, నెలలో సగం రోజులు జిల్లాలు తిరిగేవాడు. ఇంట్లో మేం ముగ్గురం. మేడ మీద గదిలో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన ఒక అబ్బాయి కిరాయికి ఉండేవాడు. గ్రూప్స్‌కు చదివేవాడు. పగలంతా చిక్కడపల్లి గ్రంథాలయంలో, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు. మా చుట్టుపక్కల ప్రతి మేడ మీదా అలాంటి పిల్లలే. మెట్ల మీద పుస్తకం పట్టుకుని గొణుక్కుంటూ తిరిగే నీడలు మాకు అలవాటే.

2010 వానాకాలం మొదట్లో ఆ అబ్బాయి ఒక సాయంత్రం కిందికి దిగివచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, జర టీవీల మ్యాచ్ చూడొచ్చా? ప్రపంచ కప్పు నడుస్తున్నది. హాఫ్ టైమ్ దాంక చూసి పోత."

మామయ్య పేపర్ దించి చూశారు. "ఏం మ్యాచ్?"

"ఫుట్‌బాల్, అంకుల్."

"కూసో," అన్నారు మామయ్య. ఆ రోజు అతను హాఫ్ టైమ్‌కు పోలేదు. ఆ తర్వాత కూడా ఏ రోజూ పోలేదు.

టీవీలోంచి తేనెటీగల గుంపులాంటి హోరు వచ్చేది, అక్కడి జనం ఊదే బూరలట. అత్తమ్మకు తలనొప్పి లేచి పక్కింటికి పోయేది. నేను బియ్యం ఏరుకుంటూ ఆ గదిలోనే కూర్చునేదాన్ని. చూసింది ఆట కంటే వీళ్లిద్దరినే ఎక్కువ. ఎందుకంటే నాలుగు మాటలకు మించి మాట్లాడని మామయ్య ఆ టీవీ ముందు వాగులా పొంగేవారు.

అబ్బాయికి అర్జెంటీనా టీమ్‌లోని పొట్టి ఆటగాడంటే ప్రాణం. ఎడమకాలితో బంతిని గోటికి అంటించుకున్నట్టు తీసుకుపోతాడు. "గట్లాంటోడు ముందల పుట్టలె, ఇంక పుట్టడు," అనేవాడు.

"నువ్వు పుట్టకముందు పుట్టినోళ్ల సంగతి నీకెట్ల తెలుసురా?" మామయ్య అనేవారు. "మా బంతి తోలుబంతి. మీది ఊదిన బెలూన్ లెక్క ఉన్నది. మాది వానకు తడిస్తే రాయి. కుట్టు మీద తాడు ఉండేది, ఆ తాడు తగిలేటట్టు తల పెడితే నొసలు పగిలేది. చిన్నప్పుడైతే ఒట్టికాళ్లతోనే ఆడినం. కలకత్తకు రైల్ల మూడో తరగతి డబ్బల కూసోని పోయి, దిగినంక మొఖం కడుక్కొని ఆడినం. ఈ పొట్టోన్ని పంపు ఆ గ్రౌండ్‌కు. చూద్దాం."

"అంకుల్, గది సరే. కానీ ఒక్కటి చెప్పున్రి," అబ్బాయి కూడా తగ్గేవాడు కాదు. "మీ ఆట వేరే ఊరోళ్లకు తెల్వది. పోయిన కాడల్ల మీరు కొత్తే. ఈయన కాలు ఎట్ల తిప్పుతడో ప్రపంచం మొత్తం వీడియోలల్ల చూసింది. ఆపేటోళ్లు దినాం అదే చూసి వస్తరు. అయినా ఆపలేకపోతున్రు. గది గొప్ప కాదా?"

మామయ్య మీసం దువ్వుకునేవారు. మళ్లీ మొదలు: "మా లెఫ్ట్ అవుట్‌ను చూస్తే నువ్వు గీ మాట అనవు."

మైదానంలో ఎడమ గీత పక్కన ఉండి దాడి చేసే ఆటగాణ్ణి వాళ్ల కాలంలో లెఫ్ట్ అవుట్ అనేవాళ్లట. మామయ్య ఎవరితో ఎవరిని పోల్చినా చివరికి తమ టీమ్ లెఫ్ట్ అవుట్ దగ్గరికే వచ్చేవారు. బ్రెజిల్ వాళ్లు పరుగెత్తినా లెఫ్ట్ అవుటే, స్పెయిన్ వాళ్లు బంతిని అటూ ఇటూ తోసుకున్నా లెఫ్ట్ అవుటే. ఆయన ఇప్పుడెక్కడున్నారని నేను అడిగితే, "ఏమో బిడ్డా. ఆటల మోకాలు పోయి బంద్ అయింది. ఆఫీసోళ్లు దూరం బదిలీ చేసిన్రు. పోయిండని ఎవరో చెప్పిన్రు," అన్నారు.

కొన్నాళ్లకు మేడ మీది అబ్బాయి ట్యూషన్ నుంచి వస్తూ వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోంచి పిలిచాడు.

"అంకుల్! అంబర్‌పేట్‌ల నేను ఒక పాపకు లెక్కలు చెప్త కదా, ఆ ఇంట్ల ఒక ముసలాయన ఉంటడు. టీవీ సౌండ్ బంద్ పెట్టి ఫుట్‌బాల్ చూస్తడు. ఎడమ కాలు కుంటుతడు. నేను మాటల మాట మా ఓనర్ గూడ ఫుట్‌బాల్ ఆడిండు, గోల్ కీపర్ అని చెప్పిన. గాయన నన్ను ఏం అడిగిండో తెలుసా?"

"ఏమన్నడు?"

"చేతులు ఎట్లుంటయి, అని అడిగిండు."

మామయ్య లేచి నిలబడ్డారు. లోపలికి వెళ్లి పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీశారు. ఇప్పుడు కాదు, ఆదివారం పోదామని అత్తమ్మ పట్టి ఆపవలసి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఆటోలో ముగ్గురం బయలుదేరాం. మామయ్య, దారి చూపడానికి ఆ అబ్బాయి, నేను. "నువ్వు గూడ రా బిడ్డా," అని మామయ్య ఎందుకన్నారో మొదట తెలియలేదు. ఆటోలో ఆయన చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెట్టుకున్నారు. ఒక్కరే వెళ్లడానికి జంకారని అప్పుడు అర్థమైంది.

అంబర్‌పేట్ గల్లీలో ఒక మేడమెట్ల కింద కుర్చీ వేసుకుని సన్నటి మనిషి కూర్చుని ఉన్నారు. లుంగీ, తెల్ల బనీను, చిన్న తెల్లగడ్డం. నేను ఊహించుకున్న వీరుడు కాదు. మామయ్య భుజం దాకా కూడా రారు. మమ్మల్ని చూసి లేవబోయి, మోకాలు సహకరించక మళ్లీ కూర్చున్నారు.

"గోలీ?" అన్నారు. టీమ్‌లో గోల్ కీపర్‌కు అదే పిలుపట.

"మియా," అన్నారు మామయ్య.

ఇద్దరూ కౌగిలించుకుంటారనుకున్నాను. అదేమీ జరగలేదు. ఆయన మామయ్య రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు తిప్పి చూసి, వంగిన వేళ్లలో ఒకదాన్ని తడిమారు. "ఇది నాదే కదా? ప్రాక్టీసుల నా షాట్‌కు ఇరిగింది."

"రెండు గూడ నీయే," అన్నారు మామయ్య.

"నువ్వు పోయినవని చెప్పిన్రు గోలీ."

"నాకు గూడ నీ సంగతి గట్లనే చెప్పిన్రు."

అప్పుడు నవ్వారు ఇద్దరూ. నవ్వుతూ నవ్వుతూ మామయ్య అక్కడే మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నారు. లోపలి నుంచి ఆయన కూతురు, ట్యూషన్ పాప వాళ్లమ్మ, చాయ్, బిస్కెట్లు తెచ్చి ఏమైందో తెలియక నా వంక చూసింది. నాకు మాత్రం ఏం తెలుసు?

ఆ తర్వాతి శనివారం అర్జెంటీనాకు జర్మనీతో మ్యాచ్. సాయంత్రం పూట కాబట్టి, అంబర్‌పేట్ పెద్దాయనను ఆయన అల్లుడు స్కూటర్ మీద మా ఇంట్లో దింపి వెళ్లాడు. అత్తమ్మ పచ్చిపులుసు చేసింది. మ్యాచ్ మొదలైన కాసేపటికే జర్మనీ గోల్ కొట్టింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. మేడ మీది అబ్బాయి నేల మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఆ పొట్టి ఆటగాడు బంతి దొరక్క మైదానం మధ్యకు వచ్చి, దొరికినా ముగ్గురి మధ్య ఇరుక్కుని, చివరికి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"చూసినవా మీ పొట్టోన్ని?" మామయ్య ఉత్సాహంగా అన్నారు. "గా అడ్డం నిలబడ్డ జర్మనీ బ్యాక్‌ను మావోడైతే రెండుసార్లు దాటి, నిలబడి, వాడు తిరిగొచ్చినంక మళ్ల దాటేటోడు. అడుగు, ఇక్కడే ఉన్నడు."

"అరె బంద్ చెయ్ గోలీ," అన్నారాయన నెమ్మదిగా. "పిల్లగాడు బాధల ఉన్నడు. అయినా నువ్వు చెప్పేది తప్పు. వాడు నాకన్న మస్తు గొప్పోడు."

మామయ్య టీవీ వైపు నుంచి ఇటు తిరిగారు.

"ఏమన్నవ్?"

"నేను దినాం చూస్తున్న కదా భాయ్. నేను బంతిని చూసుకుంట ఆడేటోన్ని. వాడు బంతి దిక్కే చూడడు, మనుషులను చూస్తడు. బంతి యాడుందో కాలికి తెలుసు వానికి. మా కాలంల నన్ను ఆపేటోడు ఒక్కడు ఉండె. వాని మీద ముగ్గురు. వాళ్లు గుర్రాల లెక్క ఉరుకుతున్రు. నేనైతే పావుగంటకు పడిపోత. ఈ పిల్లగాడు చెప్పింది నిజం. మనం బాగనే ఆడినం. కానీ గొప్పోళ్లం కాదు."

మామయ్య ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లుగా మోసుకొచ్చినదాన్ని ఆ మనిషే కింద పారేసినట్టుంది. అప్పుడన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"నీ ఆట గురించి నీకేం తెలుసురా? నువ్వు ఎన్నడన్న చూసినవా? నువ్వు ముందల ఉరికినవ్, అంతే. ఎనక నిలబడి చూసింది నేను. ఫోటో లేదు, వీడియో లేదు, ఇంక చూసినోడు ఎవడు లేడు. నేను ఒక్కన్నే. నేను చెప్తున్న కదా!"

అరిచినట్టే అన్నారు. అత్తమ్మ వంటింట్లోంచి గరిటెతో బయటికి వచ్చింది. మేడ మీది అబ్బాయి తల ఎత్తి చూశాడు. టీవీలో జర్మనీ వాళ్లు ఇంకో గోల్ కొట్టి ఒకరి మీద ఒకరు పడుతున్నారు, ఎవరూ అటు చూడలేదు.

పాత లెఫ్ట్ అవుట్ తన కుర్చీని మామయ్య దగ్గరికి జరుపుకున్నారు. "సరే గోలీ. గట్లనే కానియ్. నాకు నిజంగ తెల్వది. నువ్వు చూసింది నువ్వు చెప్పు. నేను వింట."

మామయ్య మొదట బెట్టు చేశారు. అన్నం తిన్నాక చెప్పారు. ఒక వాన రోజు ఆట. గ్రౌండ్ ఎడమ పక్క మొత్తం నీళ్లు నిలిచాయి. బంతి పోయి గుంటలో పడితే లేవడం లేదు. అవతలి టీమ్ వాళ్లు అటు పక్క ఎవరూ ఆడలేరని అందరూ నడిమికి వచ్చేశారు. అప్పుడు లెఫ్ట్ అవుట్ నీళ్లలో పడిన బంతి కింద పాదం పెట్టి, అన్నం గిన్నె లేపినట్టు మెల్లగా పైకి లేపాడు. కింద పడనివ్వలేదు. పాదం మీంచి తొడ మీదికి, తొడ మీంచి పాదం మీదికి, నీళ్లలో ఉరుకుతూ బంతిని గాలిలోనే తీసుకుపోయాడు. అడ్డం వచ్చినవాళ్లు జారి పడ్డారు. గోల్ ముందుకు చేరాక తను కొట్టలేదు, నడుమ ఖాళీగా ఉన్నవాడి తల మీదికి అందించాడు.

"నేను ఈ కొసకు గోల్‌ల నిలబడి ఉన్న. నాకు నీ ముఖం కనబడలె. వీపు కనబడ్డది. తెల్ల బనీను తడిసి ఒంటికి అంటుకున్నది. ఆ వీపు అట్ల చిన్నగ అయ్యుకుంట పోయింది. బంతి మాత్రం కింద పడలె. నా పని ఏందో నేను మర్చిపోయిన."

ఆయన ముందుకు వంగి, గడ్డం కింద చేయి పెట్టుకుని, ఎవరో పరాయివాడి కథ విన్నట్టు విన్నారు. "తర్వాత ఏమైంది?" అని కూడా అడిగారు.

"గోల్ అయింది. ఏమైతది?"

"నాకు ఒక్కటే యాదికున్నది బేటీ," అని నాతో అన్నారాయన నవ్వుతూ. "తోలుబంతి నీళ్లు తాగి బరువెక్కింది. కింద పెడితే మళ్ల లేవదని భయపడ్డ. అంతే."

"అంతేనట!" అన్నారు మామయ్య గోడ వైపు తిరిగి. కానీ కోపం పోయింది.

ఆనాటి నుంచి ఆదివారం వస్తే ఆయన మా ఇంట్లోనే. మ్యాచ్ ఉన్నా లేకపోయినా వచ్చేవారు. ఇద్దరిదీ అదే కొట్లాట. ఒకరు పాతవాళ్ల పక్షం, ఒకరు కొత్తవాళ్ల పక్షం. అసలు పాత గొప్పవాడే కొత్తవాళ్ల తరఫున వాదించడం చూసి మేడ మీది అబ్బాయి పొంగిపోయేవాడు. అతను ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి పొట్టి ఆటగాడి ఆటలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, తన కంప్యూటర్‌లో చూపించేవాడు. ఆయన ఒక్కో కదలికను ఆపించి, మళ్లీ మళ్లీ వేయించుకుని చూసేవారు. ఒకసారి మామయ్య లేని సమయంలో నెమ్మదిగా నాతో అన్నారు: "బేటీ, నేను గిట్ల ఒక్కసారన్న ఆడి ఉంటననుకుంటవా?" "మామయ్య అబద్ధం చెప్పరు," అన్నాను. ఆయన తల ఊపారు, నమ్మినట్టూ నమ్మనట్టూ.

2011లో మాకు పాప పుట్టింది. ఆ ఏడు తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. సమ్మెలు, బందులు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చిన ఆయన, తెల్లవారి బంద్ కావడంతో తిరిగి పోలేక మా ఇంట్లోనే ఆగిపోయారు. ఆ పొద్దున అశోక్‌నగర్ గల్లీలో ఒక్క బండి లేదు. ఎక్కడో దూరంగా, చౌరస్తా వైపు నినాదాలు వినబడుతున్నాయి. గల్లీ పిల్లలకు పండగ. రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా వాళ్లదే. ఇద్దరు ముసలివాళ్లు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. నేను పాపను ఎండకు ఒళ్లో పడుకోబెట్టుకుని మెట్ల మీద ఉన్నాను.

పిల్లలు తన్నిన బంతి ఒకటి దొర్లుకుంటూ వేగంగా ఇటు వచ్చింది. ఆయన గ్లాసు చేతిలో ఉండగానే ఎడమ పాదం ముందుకు చాపారు. బంతి ఆ పాదానికి తగిలి ఎగరలేదు, పక్కకు పోలేదు. అక్కడే ఆగిపోయింది, పిల్లి వచ్చి కాళ్ల దగ్గర ముడుచుకున్నట్టు. నాకు ఆట తెలియదు. అందులో గొప్ప ఏముందో చెప్పలేను. గ్లాసులో చాయ్ మాత్రం తొణకలేదు.

మామయ్య గ్లాసు కింద పెట్టారు. పోయి ఎదురింటి గేటు రెండు స్తంభాల మధ్య నిలబడ్డారు. పంచె పైకి చెక్కుకున్నారు. "బంతి ఏయ్ మియా," అన్నారు.

"పిచ్చి లేసిందా గోలీ? మోకాలు?"

"ఏయ్ అంటున్న కదా."

ఆయన అరుగు పట్టుకుని లేచారు. కుంటుతూ రెండడుగులు వేసి బంతిని తన్నారు. గట్టిగా ఏమీ కాదు, నేల మీద పాకుతూ మామయ్య ఎడమ పక్కకు వెళ్లింది. మామయ్య వంగారు. ఆ వయసులో అంత వంగడం నేను చూడలేదు. పెద్ద చేతులు రెండూ బంతి కిందికి వెళ్లాయి. బంతిని ఎత్తి గుండెకు హత్తుకున్నారు. అట్లాగే నిలబడిపోయారు. పిల్లలు "తాతా బాల్! తాతా బాల్!" అని అరుస్తున్నా ఇవ్వలేదు.

"ఇగ నడుం పట్టుకుంటే ఎవలు రుద్దుతరో చూస్త," అని లోపలి నుంచి అత్తమ్మ కేక. కానీ ఆమె కూడా గుమ్మంలోనే నిలబడి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన బంతి పట్టుకోవడం తను చూడటం అదే మొదటిసారని సాయంత్రం నాతో చెప్పింది. "బురద బట్టలే చూసిన గాని ఆట ఎన్నడు చూడలేదే," అంది.

మేడ మీది అబ్బాయికి మరుసటి ఏడాది వీఆర్వో ఉద్యోగం వచ్చి, వాళ్ల జిల్లాకే వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు కంప్యూటర్‌ను మామయ్యకు వదిలేసి పోయాడు, ఆయనకు దాన్ని ఆన్ చేయడం రాకపోయినా.

2013 వానలు ఆగాక అంబర్‌పేట్ పెద్దాయన జబ్బుపడ్డారు. మూత్రపిండాలు. ఆస్పత్రికీ ఇంటికీ తిప్పారు. మామయ్య రోజూ బస్సెక్కి వెళ్లి మంచం పక్కన కూర్చునేవారు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, "ఏం లేదు, కొట్లాట," అనేవారు. చలికాలం నడిమధ్యలో ఆయన పోయారు. అంత్యక్రియలకు వెళ్లివచ్చి మామయ్య స్నానం చేసి, తినకుండా పడుకున్నారు. అత్తమ్మ పిలవలేదు. పక్కన నేల మీద చాప వేసుకుని తనూ పడుకుంది.

కొన్ని వారాలకు మిగిలిన పాత ఆటగాళ్లు కొందరు కలిసి ఒక గ్రౌండ్ దగ్గర ఆయన పేరు మీద కుర్రవాళ్లతో చిన్న మ్యాచ్ ఆడించారు. పది పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు. ఆట అయ్యాక మామయ్యను మాట్లాడమన్నారు. ఆయన మైకు పట్టుకున్నారు. కుర్రాళ్లు చెమటతో నేల మీద కూర్చుని చూస్తున్నారు.

"నేను గోల్ కీపర్‌ను," అన్నారు. "నాకు ఆయన వీపు..." అన్నారు. మళ్లీ "వీపు" అన్నారు. ఎంతసేపు నిలబడ్డా మాట రాలేదు. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. ఆయన తల తిప్పి, కుర్చీల్లో పాపను ఒళ్లో పెట్టుకుని ఉన్న నన్ను చూశారు.

"బిడ్డా, నువ్వు చెప్పు."

బడిలో పిల్లల ముందు తప్ప ఎక్కడా మాట్లాడినదాన్ని కాదు. పాపను అత్తమ్మకిచ్చి వెళ్లాను. నేను ఆయన ఆట చూడలేదని ముందే చెప్పాను. మా మామయ్య చూశారు, నేను విన్నాను, అదే చెబుతానన్నాను. వాన, నీళ్లు నిలిచిన ఎడమ పక్క, పాదం మీదికి లేచిన బంతి, తెల్ల బనీను, చిన్నదవుతూ పోయిన వీపు. కింద పెడితే లేవదని భయపడ్డానంతే అని ఆయన అన్న మాట కూడా చెప్పాను. దానికి కుర్రాళ్లు నవ్వారు. చెబుతున్నప్పుడు నాకు ఆ గ్రౌండ్ మీద నీళ్లు కనిపించాయి. అవి నావి కావు, మామయ్యవి. కానీ కనిపించాయి.

మైకు ఇచ్చేసి వస్తుంటే చేతికర్రతో ఒక పెద్దాయన ఆపారు. "బాగ చెప్పినవమ్మా. కానీ ఆ రోజు వాన పడలె. ముందు రోజు పడ్డది. ఆట నాడు ఎండ." వెనక నుంచి మామయ్య, అంతసేపు మాట రాని మనిషి, గట్టిగా అన్నారు: "వాన పడ్డది! నేను తడిసిన!" ఇద్దరూ అక్కడే మొదలుపెట్టారు.

వాళ్లను వదిలేసి ఇటు తిరిగితే అంబర్‌పేట్ పెద్దాయన కూతురు నా ఎదుట నిలబడి ఉంది. "అక్కా, మా అబ్బా ఇంట్ల ఇవేవీ ఎన్నడు చెప్పలె," అంది. "మోకాలు ఎట్ల పోయిందంటే స్కూటర్ మీద నుంచి పడ్డ అనేటోడు. నేను నిజమే అనుకున్న." నా చేయి పట్టుకుని, "ఇంకొక్కసారి చెప్పు, నా బిడ్డ వింటది," అని తన కూతుర్ని ముందుకు తెచ్చింది. ఒకప్పటి ట్యూషన్ పాప. చాలా పొడుగైంది. ముగ్గురం కుర్చీలు సర్దేస్తున్న చోటే నిలబడ్డాం. నేను మొదటి నుంచి చెప్పాను. ఈసారి వాన పడిందో లేదో తెలియదని కూడా కలిపాను.

2014లో మళ్లీ ప్రపంచ కప్పు. కొత్త రాష్ట్రం వచ్చిన మొదటి వానాకాలం. ఈసారి ఆటలన్నీ మేం నిద్రపోయే వేళల్లోనే. మామయ్య పొద్దున లేచి మళ్లీ వేసినప్పుడు చూసేవారు. ఫలితం ముందే తెలిసిపోకుండా పేపర్‌ను మడిచి అత్తమ్మకు ఇచ్చేవారు. అర్జెంటీనా ఫైనల్ దాకా వెళ్లింది. అందులో ఓడిపోయింది, మళ్లీ జర్మనీ చేతిలోనే. ఆ పొట్టి ఆటగాడు కప్పు పక్క నుంచి నడిచిపోతూ దానివంక చూసిన చూపు టీవీలో పదేపదే వేశారు.

ఆ పొద్దున ఫోన్ మోగింది. వీఆర్వో అబ్బాయి. నేను స్పీకర్ పెట్టి మామయ్యకిచ్చాను. అటు పక్క ఏడుపు గొంతు.

"అంకుల్, చూసిన్రా?"

నాకు భయం వేసింది. మామయ్య ఎప్పటిలాగా "మా లెఫ్ట్ అవుట్ అయితే" అంటారేమోనని. ఆయన ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకున్నారు.

"చూసిన రా. ఏడ్వకు. మస్తు ఆడిండు. ఒక్కడే ఎంతని మోస్తడు?"

"అయిపోయింది అంకుల్. ఇగ రాదు ఆయనకు."

"ఎందుకు రాదు? వాని వయసెంత? ఇంకా ఆడుతడు. మళ్ల వస్తది, మళ్ల ఆడుతడు. నేనుంటనో లేనో గాని వాడైతే ఉంటడు. నువ్వు తిన్నవా?"

"లేదు."

"తిను ముందు. పెండ్లి సంగతి ఏమైంది? మీ నాయన చూస్తున్నడా?" అటు నుంచి ఏదో నసుగుడు వినబడింది. మామయ్య నవ్వారు. "సిగ్గుపడకు. ఆదివారం రా ఇంటికి. ఒక్కనివే అక్కడ కూసోని ఏడ్సుడు ఎందుకు, ఇక్కడికొచ్చి ఏడ్వు. ఈ ఇంటి అమ్మ పచ్చిపులుసు చేస్తది."

"ఎవల్ని అడిగి చేస్తనని చెప్తున్నవ్?" అంది అత్తమ్మ వంటింట్లోంచి. అప్పటికే చింతపండు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.